నలభై రోజుల పస్తు, నాలుగు నెలల ఆకలి

కొండమీది క్రైస్తవుల శ్రమల దినాల గురించి ఇప్పటిదాకా రెండు రకాల రాతలే వస్తున్నాయి. ఒకటి సంఘ పత్రికల రాత. అరకులో, అనంతగిరిలో, హుకుంపేటలో, ముంచంగిపుట్టులో గిరిజన విశ్వాసులు కూడా నలభై దినాలు ఎంత నిష్ఠగా ఉపవాసం ఉంటున్నారో చూడండి అని మురిసిపోయే రాత. ఆ 'కూడా' దగ్గరే మాకు ముల్లు గుచ్చుకుంటుంది. రెండోది సంస్కృతి కాపలాదారుల రాత. ఎక్కడో రోములో, జర్మనీలో పుట్టిన పస్తుని తెచ్చి ఆదివాసి పండగ నోట్లో మట్టి కొట్టారని వాపోయే రాత. పైకి బద్ధశత్రువుల్లా కనిపించే ఈ రెండింటికీ ఒక పోలిక ఉంది. రెండూ కొండమీది క్రైస్తవుణ్ణి కంచం ముందు కూచోబెట్టి, నువ్వేం తిన్నావు, ఏం మానేశావు అని లెక్క అడుగుతాయి. ఎవరితో కలిసి తిన్నావు అని మాత్రం అడగవు. మా చర్చ ఆ అడగని ప్రశ్న మీద.

తెలియని పాఠకుల కోసం రెండు మాటలు. భస్మ బుధవారం నాడు మొదలై ఈస్టరు ముందు శనివారంతో ముగిసే 46 రోజుల్లో ఆరు ఆదివారాలు తీసేస్తే మిగిలేవి నలభై. కతోలికులు తపస్సు కాలం అంటారు. లూథరన్లు శ్రమకాలం అనో లెంటు అనో అంటారు. ఉత్తరాంధ్ర మైదానంలో కెనడా బాప్టిస్టులు కట్టిన సంఘాల సంప్రదాయంలో ఈ కాలెండరుకి పెద్ద చోటు లేదు. అయినా ఇవ్వాళ ఏ మిషనుకీ చెందని రేకుల షెడ్డు ప్రార్థన మందిరం ముందు కూడా 'నలభై దినాల ఉపవాస కూటాలు' అని బ్యానరు కనబడుతుంది. కొండమీద ఇది ముఖ్యంగా రాత్రిపూట వ్యవహారం. పగలంతా పని. చీకటి పడ్డాక ఒక్కో రోజు ఒక్కో ఇంట్లో చాపలు పరుస్తారు. శుక్రవారం సిలువ మార్గం, పద్నాలుగు స్థలాలు, గుట్ట ఎక్కుతూ ఆగుతూ. పూటపూటా పొయ్యి మీద ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి పక్కన పెడతారు. మట్టల ఆదివారం నాడు ఖర్జూరపు మట్టలు ఎక్కణ్ణుంచొస్తాయి, ఈత మట్టలో జీలుగు మట్టలో పట్టుకుంటారు. మంచి శుక్రవారం నాడు పన్నెండింటి నుంచి మూడింటిదాకా సిలువమీద పలికిన ఏడు మాటల మీద ఏడుగురు మాట్లాడతారు. ఆ ఏడుగురిలో బడి మొహం చూడనివాళ్లు కూడా ఉంటారు. మా ఇళ్లల్లో మొదటిసారి యూనివర్సిటీ గడప తొక్కిన మాకు, నలుగురి ముందు నిలబడి మాట్లాడటం ఎట్లాగో నేర్పింది యూనివర్సిటీ కాదు, ఇట్లాంటి చాపలే. ఈ సంగతి దాచుకుని విమర్శ రాయటం మాకు చేతకాదు.

ఈ దినాలు కొండెక్కిన దారి కూడా చెప్పుకోవాలి. జర్మనీలో బ్రెక్లుం అనే ఊళ్లో 1876లో పుట్టిన లూథరన్ మిషను 1880లలో జయపురం సంస్థానపు కొండలకొచ్చింది. 1928లో దాన్నించి జయపురం ఎవాంజెలికల్ లూథరన్ చర్చి ఏర్పడింది. అప్పటికి కోరాపుట్, అరకు వేరువేరు రాష్ట్రాలు కావు. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా ఏర్పడేదాకా రెండూ విశాఖపట్నం జిల్లాలోవే. ఆ మిషనులో పెద్ద సంఖ్యలో చేరినవాళ్లు భూములూ ముఠా పెత్తనాలూ ఉన్నవాళ్లు కాదు, దొంబులు. నేత నేసేవాళ్లు, సంతసంతకీ సరుకు తిప్పేవాళ్లు, ఊరి పండక్కి వాద్యం వాయించేవాళ్లు. వలసపాలకుల గెజిటీర్లు వాళ్లని దొంగతనాలతో ముడిపెట్టి రాశాయి. థర్‌స్టన్ 1909లో అచ్చేసిన కులాలు తెగల సంపుటాల్లోనూ వాళ్ల చోటు అడుగునే. కొండల్లో కులం లేదు, అక్కడంతా సమానమే అని మన అభ్యుదయ కవులు రాస్తుంటారు గదా, వాళ్లొకసారి దొంబుల వీధి చివర నిలబడి కొండను చూసి ఉంటే బాగుండేది.

ఇక శ్రమల దినాల మూలకథ దగ్గరికొద్దాం. యేసు నలభై దినాలు ఉపవాసం ఉండి శోధన ఎదుర్కొన్న చోటుని తెలుగు బైబిలు 'అరణ్యం' అంది. యూదయలో ఆ చోటు చెట్టూ చేమా లేని రాళ్ల బీడు. తెలుగు చేసినవాళ్లకి మనుషులు లేనిచోటు, తపస్సుకి పోయేచోటు అనగానే మునులూ రాక్షసులూ ఉండే పురాణాల అరణ్యం తోచినట్టుంది. ఒక్క మాటతో ఎడారి అడవైపోయింది. మైదానంలో వినేవాడికి దీంతో పేచీ లేదు. అతనికి అడవంటే ఎట్లాగూ భయమే. కానీ కొండమీద వినేవాళ్ల సంగతేంటి? వాళ్లకి అడవి అంటే దుంప, తేనె, పుట్టగొడుగు, వెదురుకొమ్ము, అడ్డాకు. ఇంట్లో లేనప్పుడు వెళ్లే చోటు అది. అడవిలోకెళ్లిన మనిషి నలభై రోజులు ఆకలితో ఉన్నాడంటే వాళ్లకి తోచే కారణం ఒకటే, ఎవరో ఫారెస్టు గార్డు అడ్డం పడి ఉంటాడు. ఇది వేళాకోళం కాదు. 1882 మద్రాసు అటవీ చట్టం నుంచి 2006 అటవీ హక్కుల చట్టం దాకా జరిగిన కథంతా అడవిలో ఆకలిని చట్టం ఎట్లా తయారుచేసిందన్న కథే. మూల గ్రంథం చెప్పిన అరణ్యం వేరు, కొండమనిషి బతికిన అరణ్యం వేరు. ఈ రెంటి మధ్య ఉన్న దూరాన్ని ఏ ప్రసంగమూ కొలవదు.

అదే కథలో సాతాను యేసుని ఎత్తయిన కొండమీదికి తీసుకెళ్లి, లోకంలోని రాజ్యాలన్నీ చూపించి, నాకు మొక్కితే ఇదంతా నీదే అని బేరం పెడతాడు. కొండమీద నిలబడి బేరం పెట్టేవాళ్లు మన్యానికి కొత్త కాదు. అనంతగిరి మండలంలో గిరిజన భూములు గనులకిచ్చిన వ్యవహారంలో సుప్రీంకోర్టు 1997లో 'సమత' తీర్పు ఇవ్వాల్సి వచ్చింది. చింతపల్లి వైపు జెర్రెల బాక్సైటు కోసం 2015లో ఇచ్చిన జీఓ 97ని 2019లో రద్దు చెయ్యాల్సి వచ్చింది. నలభై రోజులూ శోధన గురించే మాట్లాడే మన ప్రసంగీకుల్లో ఈ కొండ బేరాన్ని ఆ కొండ బేరంతో కలిపి చదివినవాళ్లని మేం వేళ్లమీద లెక్కపెట్టొచ్చు. మిగిలినవాళ్లకి శోధనంటే కల్లు. శోధనంటే సినిమా. ఇప్పుడైతే సెల్‌ఫోను.

అసలు పేచీ నెలల దగ్గరుంది. శ్రమల దినాలు ఫిబ్రవరి, మార్చి, ఏప్రిల్‌లలో వస్తాయి. మాఘం చివర, ఫాల్గుణం, చైత్రం. యూరపులో ఇవి చలికాలపు నిలవలు అడుగంటి కొత్తపంట ఇంకా రాని రోజులు. లేనితనం ఎట్లాగూ ఉంది, దాన్ని వ్రతంగా మార్చుకున్నారు. తప్పేం లేదు, పేదవాడు తన లేమికి గౌరవం తెచ్చుకోవటమే అది. కానీ అరకు కొండల్లో ఇవి తిండి ఉండే నెలలు. ధాన్యం, చోళ్లు, సామలు, వలిసెలు ఇంటికొచ్చి ఉంటాయి. కాఫీ పళ్ల కోత అయిపోయి నాలుగు డబ్బులు చేతికొస్తాయి. చింతపండు దులిపి సంతకి దింపుతారు. 1956 నుంచి ఉన్న గిరిజన సహకార సంస్థ కొంత కొంటుంది, షావుకారు మరికొంత కొంటాడు. జీలుగు చెట్టు పారుతుంది. ఇప్పపువ్వు రాలుతుంది. ఏడాది మొత్తంలో కాస్త నవ్వే నెలలివి. సరిగ్గా అప్పుడొచ్చి చర్చి, ఆకలిగా ఉండండి అంటుంది.

కొండ ఆకలి వేరే నెలల్లో ఉంది. ఆషాఢంలో విత్తనం మట్టిలో పడుతుంది, ఇంట్లో గాదె ఖాళీ అవుతుంది. అక్కణ్ణుంచి ఆశ్వయుజం దాకా వానలు. గెడ్డలు పొంగి సంతకి దారి తెగుతుంది. జ్వరాలు దిగుతాయి. మనిషిని డోలీకట్టి మోసుకుపోవాల్సిన ఊళ్లు ఇంకా ఉన్నాయి. ఎండాకాలంలో ఎండబెట్టి దాచిన మామిడి టెంకల్ని పిండి చేసి అంబలి కాచుకునేది అప్పుడే. 2001 ఆగస్టులో, సరిహద్దుకి అవతల రాయగడ జిల్లా కాశీపూర్‌లో ఆ టెంకల అంబలి తాగి ఆదివాసులు చచ్చిపోయారు. 2024 చివర్లో కంధమాల్ జిల్లా దారింగ్‌బాడీ ప్రాంతంలో అదే అంబలి మళ్లీ ఆడవాళ్లని బలి తీసుకుంది. ఈ నెలలకి చర్చి కాలెండరులో పేరేంటో తెలుసా? కతోలికుల దగ్గర 'సామాన్య కాలం'. లూథరన్ల దగ్గర త్రిత్వ పండగ తర్వాత వచ్చే ఆదివారాలు, ఒకటో ఆదివారం, రెండో ఆదివారం అని వట్టి అంకెలు. కొండ నిజంగా ఆకలిగా ఉన్న నాలుగు నెలలకి ప్రత్యేకమైన పాట లేదు, ప్రార్థన లేదు, పేరే లేదు. పస్తు ఇష్టపడి చేస్తే పుణ్యకాలం. గతిలేక చేస్తే సామాన్య కాలం.

పండితుడి ఉపవాసానికీ పాలేరు పస్తుకీ తేడా మన ఇళ్లల్లో అందరికీ తెలుసు. ఆ తేడాని హిందూ వ్రతాల విషయంలో చీల్చి చూపించిన దళిత విమర్శ, చర్చి గుమ్మం దగ్గరికొచ్చేసరికి ఎందుకో చెప్పులు విప్పి లోపలికెళ్లిపోయింది.

ఇంకో గాయం భాషలో ఉంది. కొండ ఇళ్లల్లో మాట్లాడేది ఆదివాసీ ఒరియా, కువి, కుపియా, గదబ, పోర్జ. శ్రమల కూటం నడిచేది తెలుగులో. అదీ ఏ తెలుగు? 'ఆంధ్ర క్రైస్తవ కీర్తనలు' పుస్తకంలోని రాగతాళాల తెలుగు. ఆ పుస్తకానికి పెద్దదిక్కయిన పురుషోత్తమ చౌదరి (1803–1890) పర్లాకిమిడి ప్రాంతపు బ్రాహ్మణ కుటుంబం నుంచి క్రైస్తవంలోకొచ్చిన మనిషి. ఆయన కవిత్వాన్ని మేం తక్కువ చెయ్యం. కులాన్ని వదులుకుని ఆయన పడ్డ కష్టాన్నీ తక్కువ చెయ్యం. మా ప్రశ్న ఆయన గురించి కాదు, ఆయనలాంటివాళ్లు తయారుచేసిచ్చిన వినయపు భాష గురించి. శ్రమల దినాల పాటల్లో, ప్రార్థనల్లో 'నేను నీచుణ్ణి, హీనుణ్ణి, పురుగుని, నీ సముఖంలో నిలవటానికి తగనివాణ్ణి' అనే తీరు పదేపదే వస్తుంది. పుట్టుకతో పైమెట్టు మీద ఉన్నవాడు ఆ మాటంటే అది దిగిరావటం. అతను నిజంగా ఏదో వదులుకుంటున్నాడు. తరతరాలుగా ఎదుటివాళ్లతో నీచుడు, హీనుడు అనిపించుకున్నవాడు మోకాళ్లమీద కూచుని, కన్నీళ్లతో, అదే మాట తన గురించి తానే అంటే ఏమవుతుంది? ఊరు అన్నమాటకి దేవుడి దగ్గర సాక్ష్యం చెప్పినట్టవుతుంది. చంటిబిడ్డని ఒళ్లో పెట్టుకుని దొంబుల వీధి ఆడమనిషి ఆ మాటలు పాడుతుంటే, ఆమె ఏ పాపానికి ఏడుస్తోందని మేం చాలాసార్లు అనుకున్నాం. ఒక్క సంగతి గమనించాం. పాట అయిపోయి, ఎవరికి వాళ్లు నోటికొచ్చినట్టు ప్రార్థన చేసుకునే వేళ వాళ్లు తెలుగు వదిలేసి ఇంటిభాషలోకి పోతారు. అప్పుడు నీచుడూ పురుగూ మాయమైపోతాయి. కొడుకు హాస్టల్లో జ్వరంతో ఉన్నాడు, చింతపండు తూకంలో మోసం జరిగింది, మొగుడు తాగొచ్చి కొట్టాడు, ఇవీ ప్రార్థనలు. తప్పు ఎవరిదో స్పష్టంగా చెప్పే ప్రార్థనలు.

ఇప్పుడు చైత్రం సంగతి. మన్యంలో చైత్రమంటే ఇటుకల పండుగ. విత్తనాలకి పూజ, మగవాళ్ల వేట, రాత్రిళ్లు థింసా, దారిన పోయేవాళ్లని ఆపి ఆడవాళ్లు అడిగే పండగ డబ్బులు. (వేటకి ఇప్పుడు అడవిలో జంతువూ లేదు, చట్టమూ ఒప్పుకోదు. బాణాలు మాత్రం బయటికొస్తాయి.) ఈస్టరు తేదీ కూడా చంద్రుణ్ణి బట్టే, వసంతకాలపు పున్నమిని బట్టే లెక్కగడతారు కాబట్టి రెండూ ఒకదాని కాలు ఒకటి తొక్కుకుంటాయి. అన్ని ఏళ్లూ కాదు. 2024లో ఈస్టరు మార్చి 31నే వచ్చేసింది, ఉగాది ఏప్రిల్ 9న. పేచీ లేకుండా గడిచిపోయింది. 2025లో ఉగాది మార్చి 30, ఈస్టరు ఏప్రిల్ 20. చైత్ర పున్నమి మర్నాడే మట్టల ఆదివారం. 2026లో ఉగాది మార్చి 19, ఈస్టరు ఏప్రిల్ 5. అంటే చివరి రెండు మూడు వారాల శ్రమల దినాలు అచ్చంగా చైత్రంలోనే. ఒకే ఊళ్లో ఒక వీధిలో తుడుము మోగుతుంది, ఇంకో వీధిలో సిలువ ధ్యానం. పండగ చందా ఇవ్వొద్దు, ఆ మాంసం ముట్టొద్దు, అది విగ్రహాలకి పెట్టింది అని ప్రసంగం. చందా ఇవ్వనివాడికి ఊళ్లో వాటా లేదని పెద్దల మాట. ఒక ఊరు రెండు వంటలవటం ఇట్లా మొదలవుతుంది.

అయితే ఇటుకల పండుగలో ఒక కట్టు ఉంది. దాని మీద మా దృష్టి పడింది. ఊరి పండగ జరక్కముందు కొత్త మామిడికాయ ఎవరూ నోట పెట్టకూడదనే కట్టు కొండల్లో చాలా ఊళ్లలో ఉంది. చెట్టు నిండా కాయ వేలాడుతున్నా పిల్లలతో సహా ఆగుతారు. ఊరంతా ఒక్కటై, విత్తనానికీ నేలకీ ఇవ్వాల్సింది ఇచ్చాక, అందరూ ఒకేసారి మొదలుపెడతారు. ఇది ఉపవాసం కాదా? ఒక్కడి ఆత్మ బాగుకోసం ఒక్కడు మానేసే ఉపవాసం కాదు, అందరికీ అందేదాకా ఎవరూ తినకుండా ఆగే ఉపవాసం. కొరింథు సంఘానికి రాసిన మొదటి ఉత్తరంలో పౌలు కోప్పడింది సరిగ్గా దీని గురించే గదా. ఉన్నవాళ్లు ముందొచ్చి తినేసి, లేనివాళ్లు ఆకలితో మిగిలిపోతుంటే ప్రభువు భోజనం ఎట్లా అవుతుంది, ఒకరికోసం ఒకరు ఆగండి అని. అదే ఉత్తరంలోంచి విగ్రహార్పణ మాటని తీసుకుని చెప్పే ప్రసంగీకులు ఈ మాట దగ్గరికొచ్చేసరికి పేజీ తిప్పేస్తారు. పౌలు చెప్పిన ఆగటం కొండకి ముందే తెలుసు. దాన్ని అన్యాచారమని కొట్టేసి, దాని బదులు వారానికి రెండు పూటలు మానెయ్యమని నేర్పటం పేదరికపు బేరం.

ఇక్కడిదాకా చదివి, చూశారా, మేం చెప్పేదీ అదే, పాత పండగలకి తిరిగి రండి అని సంస్కృతి కాపలాదారులు చప్పట్లు కొడతారేమో. తొందరపడొద్దు. ఆ 'అందరూ' అన్నదాంట్లో ఎవరెవరున్నారు? థింసాకి మోరి, కిరిడి, తుడుము వాయించినవాళ్లకి ఆ పండగలో చోటు ఎక్కడ? వాయిద్యం దగ్గర, వరస చివర. పూజలో కాదు. వాళ్ల చేతివంట పైవాళ్లు తినరు. ఊరంతా కలిసి ఆగే మామిడి ఉపవాసంలో దొంబు కూడా ఆగాల్సిందే, తినే వరసలో మాత్రం అతను వేరు. కోస్తా జిల్లాల్లో మన మాల మాదిగలు క్రైస్తవంలోకి పోగానే చాలాచోట్ల డప్పు కింద పెట్టేశారు. కళని చంపేశారని ఇప్పుడు జానపద విజ్ఞానం వాళ్లు బాధపడుతుంటారు. వాయించకపోతే దెబ్బలు తినాల్సిన వాద్యాన్ని కళ అనటానికి మనసొప్పాలి కదా. కొండమీద తుడుము కింద పెట్టినవాడి లెక్కా అదే. అతనికి చర్చి ఇచ్చింది పరలోకం సంగతి తర్వాత, ముందు ఒక చాప. ఆ చాపమీద ఎవరి పక్కన ఎవరైనా కూచోవచ్చు. ఆ చాపే అతన్ని నిలబెట్టింది.

కాబట్టి మా ముందు రెండు ఉపవాసాలున్నాయి, రెండూ కుంటివే. ఊరి ఉపవాసానికి కలిసి ఆగటం తెలుసు, కలిసి కూచోవటం తెలీదు. చర్చి ఉపవాసం కలిసి కూచోబెట్టింది, ఆగటాన్ని మాత్రం ఎవడిది వాడికి పంచేసింది. ఈస్టరు ఊరేగింపులో నలుగురు పిల్లలకి రంగుచీరలు కట్టించి థింసా ఆడించి, దాన్నే స్థానిక సంస్కృతికి గౌరవం అనుకునే పెద్దలకి ఈ లోటు అర్థం కాదు. టూరిజం వాళ్లు రిసార్టు ముందు చేయించేదీ అదే పని.

ఈ చర్చ ఊళ్లో వాళ్ల మధ్యే జరిగిపోతే బాగుండును. ప్రభుత్వం కూడా కంచంలోకి తొంగి చూస్తోంది. రాజ్యాంగం కింద 1950లో వచ్చిన షెడ్యూల్డ్ కులాల ఉత్తర్వు మూడో పేరా ప్రకారం హిందువు కానివాడు షెడ్యూల్డ్ కులస్తుడు కాడు. 1956లో సిక్కుల్ని, 1990లో బౌద్ధుల్ని అందులో కలిపారు. క్రైస్తవుణ్ణీ ముస్లిముణ్ణీ బయటే ఉంచారు. షెడ్యూల్డ్ తెగల ఉత్తర్వులో మతం షరతు లేదు. ఇప్పుడు కొండ చుట్టూ చూడండి. కోరాపుట్‌లో దొంబు షెడ్యూల్డ్ కులం, క్రైస్తవుడైతే ఆ హోదా పోతుంది. ఆంధ్ర మైదానంలో పైడి షెడ్యూల్డ్ కులం, క్రైస్తవుడైతే బీసీ-సి, ఆ గుంపు మొత్తానికీ ఒక్క శాతం. ఏజెన్సీలో వాల్మీకి షెడ్యూల్డ్ తెగ, క్రైస్తవుడైనా తెగ హోదా పోదు. ఈ మూడు పేర్ల మధ్య ఉన్న చుట్టరికాల గురించి వాదనలున్నాయి, వాటి జోలికి మేం పోవటం లేదు. ఎవరి సర్టిఫికెట్టునీ ప్రశ్నించటం మా పని కాదు. ఆ పని చేసేవాళ్లు వేరే ఉన్నారు. మేం అనేది, నుదుటిమీద పెట్టే బూడిద మాత్రం ఒకటేనని. భస్మ బుధవారం నాడు కొండమీద ఆ బూడిదతో రోజంతా తిరుగుతారు. కొండ దిగితే అదే బూడిదని గుడి మెట్లమీదే తుడుచుకునేవాళ్లున్నారు. మట్టిలోంచి వచ్చావు, మట్టిలోకే పోతావని గుర్తుచెయ్యటానికి పెట్టే బూడిద, ఎమ్మార్వో ఆఫీసుని గుర్తుచేస్తోంది.

2023 మార్చి 24న ఆంధ్రప్రదేశ్ శాసనసభ ఒకే రోజు రెండు తీర్మానాలు చేసింది. దళిత క్రైస్తవుల్ని ఎస్సీల్లో చేర్చమని ఒకటి, మైదానంలోని బోయ-వాల్మీకుల్ని ఎస్టీల్లో చేర్చమని ఇంకొకటి. రెండోదాని మీద ఏజెన్సీ భగ్గుమంది. అది శ్రమల దినాల్లో ఒక శుక్రవారం. మొదటి తీర్మానానికి సంతోషించాలో, రెండోదాని మీద రోడ్డెక్కాలో తేల్చుకోవాల్సినవాళ్లు ఆ సాయంత్రం సిలువ మార్గంలో పక్కపక్కనే నడిచే మనుషులే. 2022 అక్టోబరులో కేంద్రం ఈ విషయం తేల్చటానికి కె.జి. బాలకృష్ణన్ కమిషన్ వేసింది. 2025లో మన హైకోర్టు, క్రైస్తవంలోకి పోయిన దళితుడికి అత్యాచారాల నిరోధక చట్టం వర్తించదని తీర్పిచ్చింది. తిట్టినవాడు కులం పేరుతోనే తిట్టినా సరే. ఇంకోవైపు జనజాతి సురక్షా మంచ్, మతం మారిన ఆదివాసుల్ని తెగల జాబితాలోంచి తీసెయ్యాలని 2006 నుంచి ఊరూరా తిరుగుతోంది. 1960ల చివర్లో కార్తీక్ ఒరావ్ పార్లమెంటులో లేవనెత్తిన కోరికే అది, ఇప్పుడు దానికి కొత్త బలం దొరికింది. పండక్కి చందా ఇవ్వని ఇల్లు వాళ్లకి సాక్ష్యం. మాంసం వాటా వద్దన్న కంచం సాక్ష్యం. పాస్టరు పీఠం మీంచి గీసే గీతా, వాళ్లు జాబితాలో గీసే గీతా ఒకేచోట పడుతున్నాయి. పాస్టర్లు గమనించటం లేదంతే.

ఈ గీత ఎంతదూరం పోతుందో ఇదే తూర్పు కనుమల్లో చూశాం. కంధమాల్‌లో 2007 క్రిస్మస్‌కి ఒకసారి, 2008 ఆగస్టులో లక్ష్మణానంద సరస్వతి హత్య తర్వాత ఇంకోసారి క్రైస్తవుల ఇళ్లు తగలబెట్టారు. 50 వేలమందికి పైగా ఊళ్లు వదిలి అడవుల్లోకి, శిబిరాల్లోకి పారిపోయారు. వాళ్లలో ఎక్కువమంది పాణోలు. చర్చి గొడవ, భూమి గొడవ, జాబితా గొడవ మూడూ ఒకే తాడుగా పేనుకుపోయాయి. 2009లో భస్మ బుధవారం వచ్చేసరికి ఇంకా శిబిరాల్లో ఉన్నవాళ్లున్నారు. వాళ్లకి మానెయ్యటానికేముంది?

అయితే శ్రమల దినాలు వద్దనాలా? మేం అనం. నలభై రాత్రులు వరసగా ఒకరింటికొకరు పోవటం కొండమీద చిన్న సంగతి కాదు. ఏడాదంతా ఒకరి గడప ఒకరు తొక్కని ఇళ్లుంటాయి, దొంబు ఇంటికి కొండదొర క్రైస్తవుడు రానక్కర్లేని రోజులే ఎక్కువ. ఈ నలభైలో వంతు తప్పదు, రావాలి, కూచోవాలి, వాళ్లిచ్చిన తేనీరు తాగాలి. చర్చిలో కూడా కులం ఉంది, బెంచీల్లో ఉంది, పెళ్లిళ్లలో ఉంది, సమాధుల తోటలో ఉంది. ఈ నలభై రాత్రుల వంతు మాత్రం దాన్ని కాస్త ఇబ్బంది పెడుతుంది. ఇంకో మాట. కల్లు మానెయ్యమనే ప్రసంగాన్ని మేం ఎగతాళి చేసినట్టుంటుంది గానీ, ఈ దినాల కోసం ఎదురుచూసే ఆడవాళ్లున్నారు. నలభై రోజులు ఇంట్లో దెబ్బలుండవు. దాన్ని చిన్నచూపు చూసే హక్కు ఏ సిద్ధాంతానికీ లేదు.

మేం అడిగేది పిడికెడు బియ్యం గురించి. నలభై రోజుల్లో ఒక సంఘం బియ్యం బస్తాల్లోకొస్తుంది. మామూలుగా అది ఈస్టరు విందుకి పోతుంది, లేదా పాస్టరుగారి జీతంలోకి, మందిరం రేకులకి, పైనున్న పెద్ద ఆఫీసు కానుకకి పోతుంది. తిండి ఉన్న నెలల్లో తీసి తిండి ఉన్న నెలల్లోనే ఖర్చుపెట్టే దానం అది. మేం తిరిగిన ఊళ్లల్లో ఒకచోట వేరే పద్ధతి చూశాం. ఆ బియ్యాన్ని, దాంతోపాటు చోళ్లనీ సామల్నీ మందిరం వెనక గదిలో కుండల్లో పోసి, బూడిద కలిపి మూతి కట్టేశారు. శ్రావణం దాకా ముట్టరు. వానల్లో గాదె ఖాళీ అయిన ఇంటికి కొలిచిస్తారు. కొత్త చోళ్లొచ్చాక అదే కొలతతో తిరిగి పోయాలి, వడ్డీ లేదు. ఏ మిషనూ నేర్పలేదు, ఏ స్వచ్ఛంద సంస్థా చెప్పలేదు. ఆడవాళ్లే పెట్టుకున్నారు. ఎవరెవరికిచ్చారని అడిగితే సంఘ పెద్ద ఒకాయన వేళ్లమీద ఇళ్లు లెక్కపెట్టాడు. అందులో ఇటుకల పండుగ పూజ చేయించే ఇల్లు కూడా ఉంది. అదేంటని మేం మొహం చూస్తే, గొంతు తగ్గించి అన్నాడు: "ఆళ్ల పిల్లలకీ వానాకాలమే గద బాబూ. పాస్టరుగోరికి ఇంకా సెప్పనేదు."